ఆ కణం అక్కడికి రాదు

బల్ల మీద పెట్టిన పుస్తకాన్ని బల్ల పైకి నెడుతూ ఉంటుందని ఆమె ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు చెబుతోంది. పుస్తకం ఎంత బరువుంటే అంతే నెడుతుంది. దాని మీద ఇంకో పుస్తకం పెడితే, ఆ క్షణం నుంచే రెండింటికీ సరిపడా నెడుతుంది. గోరంత ఎక్కువ కాదు, గోరంత తక్కువ కాదు. మరి ఎంత నెట్టాలో బల్లకు ఎలా తెలుస్తుంది? చదువుకునే రోజుల్లో ఈ సంగతి అడిగితే వాళ్ల మాస్టారు, "సమీకరణం రాయమ్మా, అదే చెబుతుంది" అన్నారు. సమీకరణం ఎంతో చెప్పింది. ఎలాగో చెప్పలేదు. పెళ్లయింది, పిల్లలు పుట్టి ఎవరి బతుకులు వాళ్లు చూసుకుంటున్నారు, జుట్టు సగానికి పైగా నెరిసింది. ఆ సందేహం మాత్రం చెప్పులో రాయిలా ఉండిపోయింది. పొద్దున్నే దేవుడి పటం ముందు నిలబడి అందరి క్షేమం అడిగాక, అప్పుడప్పుడూ ఈ మాట కూడా అడుగుతుంది. ఆయన కూడా ఇంతవరకూ ఏమీ చెప్పలేదు.

వాల్యుయేషన్ క్యాంపులో అది మూడో రోజు. పొడుగాటి హాల్లో రెండు వరసల బల్లలు. కాగితాలు ఎగిరిపోతాయని ఫ్యాన్లు ఒకటో నంబరు మీదే తిరుగుతున్నాయి, గాలి తగిలీ తగలనట్టు ఉంది. ఒక్కో కట్టకు ముప్పై జవాబు పత్రాలు. నంబర్లు చింపేసి కోడ్ వేసి ఉంటాయి కాబట్టి ఎవరు రాశారో, ఏ ఊరి వాళ్లో తెలియదు. కట్ట విప్పి, దిద్ది, మొదటి పేజీలో గళ్లు నింపి, కూడికలు సరిచూసి, మళ్లీ దారం కట్టి సంతకం పెట్టి లోపలికి పంపాలి. లోపలికి వెళ్లిన కట్టకు లక్క పడుతుంది.

ఆమె మొదట పెన్సిల్‌తో మార్కులు వేస్తుంది. కట్ట మొత్తం అయ్యాక మళ్లీ మొదటి నుంచి చూసుకుంటూ, పెన్సిల్ అంకె మీదే ఎర్ర సిరాతో దిద్దుతుంది. అందుకే క్యాంపులో అందరికీ ఆమె పెన్సిల్ మేడం.

"మేడం గారు మార్కులకి కూడా ముందు నిశ్చితార్థం చేసి, తర్వాతే పెళ్లి చేస్తారు" అన్నాడు పక్క బల్ల ఆయన, తల ఎత్తకుండానే.

"మీరు నేరుగా లేవదీసుకు పోతారుగా మాస్టారూ" అంది ఆమె.

చుట్టుపక్కల నవ్వారు. ఆయన్ని మెయిలు అంటారు, మెయిలు బండిలా ఎక్కడా ఆగడని. ఆమె ఒక కట్ట ముగించేలోపు ఆయన రెండు పంపేస్తాడు. పేజీ తిప్పుతుంటే గాలి వచ్చి పక్కవాళ్ల కాగితాలు లేస్తాయి. సాయంత్రం నాలుగింటికల్లా సంచి భుజాన వేసుకుని బస్సు కోసం పరిగెత్తుతాడు. చదివి దిద్దుతాడా, తూకం వేసి దిద్దుతాడా అని ఆమెకు ఎప్పుడూ అనుమానమే. పైకి అనలేదు గానీ, ఆ చేతిలో పడిన పిల్లల మీద జాలిపడ్డ సందర్భాలున్నాయి.

కట్టలో ఇరవై రెండో పత్రం దగ్గర ఆమె పెన్సిల్ ఆగింది.

అప్పటిదాకా ఆ పత్రం పేలవంగా నడిచింది. ఒక ప్రశ్న వదిలేశారు, ఇంకొకటి సగంలో ఆపారు, ఒక చోట గుణకారం తప్పు. కూడితే ఇరవై ఆరు. పాస్ కావాలంటే ముప్పై అయిదు రావాలి. మిగిలింది ఏడో ప్రశ్న, పదిహేను మార్కులది.

ఏడో ప్రశ్న ఆమెకు కంఠతా వచ్చు. నున్నటి గోళం ఒకటి కదలకుండా బిగించి ఉంది. దాని నడినెత్తిన ఒక చిన్న కణాన్ని ఉంచి, కొద్దిగా కదిలిస్తే జారడం మొదలుపెడుతుంది. అది గోళం నడుము దాకా, అంటే కేంద్రంతో సమానమైన ఎత్తుకు, జారి వచ్చేసరికి దాని వేగమెంత? అక్కడ గోళం దాని మీద కలిగించే ప్రతిచర్య ఎంత? దిద్దేవాళ్లకు ఇచ్చిన కీలో జవాబు ఉంది: శక్తి సమీకరణం రాస్తే నాలుగు మార్కులు, వేగానికి నాలుగు, ప్రతిచర్యకు ఏడు. మూడు రోజులుగా పిల్లలు అచ్చం ఆ వరసలోనే రాస్తున్నారు, ఆమె అచ్చం ఆ వరసలోనే వేస్తోంది.

ఈ పత్రంలో శక్తి సమీకరణం ఉంది. ఆ తర్వాత ప్రతిచర్యకు సమీకరణం ఉంది. కీలో ఉన్నదే. దాని కింద చేతిరాత కాస్త పెద్దదైంది, రాస్తున్న చెయ్యి పెన్ను గట్టిగా పట్టుకున్నట్టు.

'కణం కొంత దూరం జారాక ప్రతిచర్య సున్నా అయింది. దాని తర్వాత లెక్కలో మైనస్ వస్తోంది. మైనస్ అంటే గోళం కణాన్ని తనవైపు లాగాలి. గోళం నెట్టగలదు గాని లాగలేదు. తీగకు గుచ్చిన పూస అయితే, తీగ రెండో పక్క నుంచి నెడుతుంది కాబట్టి సరిపోతుంది. ఇది పూస కాదు. అందువల్ల సున్నా అయిన చోటే కణం గోళాన్ని వదిలేసి గాలిలోకి పోతుంది. ప్రశ్నలో అడిగిన చోటికి ఆ కణం రాదు. ప్రశ్న తప్పు అనడం లేదు. రాదని మాత్రమే అంటున్నాను.'

ఆమె రెండుసార్లు చదివింది. కీ తీసి ఆఖరి గీత చూసింది. 'ప్రతిచర్య: కణం బరువుకు రెండింతలు, గోళ కేంద్రం వైపు.'

కేంద్రం వైపు. అంటే గోళం లోపలికి లాగుతోంది. జిగురు లేదు, అయస్కాంతం లేదు, నున్నటి గోళం తన మీంచి జారిపోతున్నదాన్ని రెండింతల బరువుతో పట్టి లాగుతోంది. మూడు రోజులుగా ఈ గీతకు పక్కన టిక్కు పెడుతోంది తను.

సంచి అడుగున అట్ట కోసం పెట్టుకున్న పోయినేడాది ప్రశ్నపత్రం, కీ కాగితాలు ఉన్నాయి. బయటికి తీసి వెతికింది. పోయినేడు ప్రశ్నలో గోళం లేదు. గుండ్రంగా వంచి నిలబెట్టిన నున్నటి తీగ ఉంది, దానికి గుచ్చిన పూస ఉంది. జవాబు మాత్రం ఇదే, ఒక్క అంకె కూడా మారకుండా. పూస విషయంలో అది సరైన జవాబు. ఈ ఏడు ప్రశ్నలో పూస తీసి కణం పెట్టారు, తీగ తీసి గోళం పెట్టారు. కీ ముట్టుకోలేదు. పోయినేడు జవాబు బట్టీ పట్టినవాళ్లకు పదిహేను, కూర్చుని ఆలోచించిన వాళ్లకు నాలుగు.

ఆమె పత్రం తీసుకుని హాలు చివరికి నడిచింది. అక్కడ ఎత్తు మీద చీఫ్ ఎగ్జామినర్ కుర్చీ. పొడగరి మనిషి. నాలుగు నెలల్లో రిటైరవుతున్నాడు. గొంతు బాగాలేక రోజంతా బుగ్గన మాత్ర పెట్టుకునే ఉంటాడు. ప్రశ్నపత్రం ఆయనే కూర్చాడు, కీ ఆయనే రాశాడు, ప్రతి కాపీ మీదా ఆయన సంతకం ఉంది.

"ఏమ్మా" అన్నాడు.

"ఏడో ప్రశ్న సర్. ఇది ఒకసారి చూడండి."

ఆయన చదివాడు. నిదానంగానే చదివాడు. బుగ్గలో మాత్ర ఈ వైపు నుంచి ఆ వైపుకు మారింది.

"కీలో ఏముంది?"

"కీలో ఉన్నది పూసకి సరిపోతుంది సర్. ఇది..."

"కీలో ఏముందని అడిగాను."

"కీ ప్రకారం నాలుగు వస్తాయి."

"నాలుగెయ్యి." పత్రం వెనక్కి జరిపాడు. గొంతు తగ్గించాడు. "మూడు క్యాంపుల్లో ఇదే కీ నడుస్తోందమ్మా. ఇప్పటికి ఆరు వేల పేపర్లు లక్క పడి ఉంటాయి. ఎవరో ఒకరు తెలివి చూపించారని వాటన్నిటినీ విప్పిస్తావా?"

"ఒక్కరేనని ఎలా తెలుసు సర్?"

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అలసట ఉంది.

"వచ్చే ఏడు ఈ కుర్చీకి నీ పేరు రాసి పంపాను. కీని కాదనే మనిషిని ఇక్కడ ఎవరూ కూర్చోబెట్టరు. వెళ్లు. అయిదింటికల్లా కట్ట లోపలికి పోవాలి."

ఆమె వచ్చి కూర్చుంది. మిగిలిన ఎనిమిది పత్రాలూ దిద్దింది. ఇరవై రెండో పత్రం మీద ఏడో గడి ఖాళీగా ఉంచింది. పెన్సిల్ కూడా పెట్టలేదు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కట్ట లోపలికి తీసుకోరు. అయిదింటికి గుమాస్తా వచ్చి, ఆమె బల్ల నంబరు ఎదురుగా రిజిస్టర్లో ఏదో రాసుకుని, కట్టను విడిగా అల్మారాలో పెట్టి తాళం వేశాడు. మెయిలు బల్ల అప్పటికే ఖాళీ.

*

ఇంటికి వచ్చేసరికి ముందు గదిలో రెండు స్టూళ్ల మీద అడ్డంగా పొడవాటి కడ్డీ ఉంది. ఆమె భర్త కర్టెన్లు కుట్టి బిగించే పని చేస్తాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, కొత్త కర్టెన్ రింగుల్ని ఒక్కొక్కటే కడ్డీకి ఎక్కిస్తున్నాడు. సూదులు తీసి డబ్బాలో వేశాక గానీ మాట్లాడలేదు.

"కట్ట ఇవ్వలేదా ఇవాళ?"

"మీకెవరు చెప్పారు?"

"వేళ్లకి ఎర్ర సిరా లేదు."

ఆమె కాళ్లు కడుక్కుని వచ్చి నేల మీద కూర్చుంది. జరిగింది చెప్పింది. గోళం, కణం అంటే ఆయనకు ఎక్కదని, సొరుగులోంచి పాత బేరింగు గుండు ఒకటి తీసి, బోర్లించిన గుండ్రటి గిన్నె నెత్తిన పెట్టి వదిలింది. గుండు నిదానంగా కదిలి, జోరందుకుని, గిన్నె నడుము ఇంకా కిందుండగానే ఎడంగా దూకి నేల మీద టక్కున పడింది. కడ్డీ కిందికి దొర్లిపోయింది.

ఆయన ఒక రింగును వేలితో తోశాడు. అది చివరిదాకా పోయి స్టూలుకు తగిలి ఆగింది.

"రింగుకి కడ్డీని వదలాలని ఉన్నా కుదరదు. గుండుని ఎవడాపుతాడు? కాసేపు గిన్నె మీద ఉంది, తర్వాత దాని దారి అది చూసుకుంది."

"అదే. అంతే."

"అయితే మీ పెద్దాయన రింగు లెక్క తెచ్చి గుండుకి వేశాడు."

"కొత్త ప్రశ్న కదా అని మార్చారు. జవాబు మార్చడం మర్చిపోయారు."

ఆయన దారం పళ్లతో కొరికాడు. "కుట్టు తప్పు పడితే విప్పాలి. విప్పితే గుడ్డ మీద సూది గుర్తులు మిగుల్తాయి. ఆ గుర్తులకి సిగ్గుపడి విప్పకుండా అమ్మేసేవాళ్లు ఉన్నారు." మళ్లీ ఒక రింగు ఎక్కించాడు. "మరి నువ్వు వేసినవో?"

"ఏవి?"

"మొన్నా నిన్నా నువ్వు దిద్ది పంపినవి. వాటిలో ఇలా రాసినవాళ్లు లేరా?"

ఆమె చేతిలోకి తీసుకున్న గుండు అక్కడే ఉండిపోయింది. మధ్యాహ్నం నుంచి ఆ ప్రశ్న గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, తనే లోపలికి రానివ్వలేదు. మొదటి రోజు రెండో కట్టలో ఒక పత్రం. నీలి సిరా. 'ఇక్కడ వదిలేస్తుంది' అని రాసి రెండు గీతలు గీశారు. జవాబు పూర్తి చేయలేదని అనుకుంది తను. పక్కన నాలుగు వేసింది, పెన్సిల్‌తో ఒకసారి, సిరాతో ఒకసారి. రెండో రోజు ఇంకొకటి. అందులో చిన్న బొమ్మ కూడా ఉంది, గుండ్రటి గీత మీంచి బయటికి వంగిపోతున్న చుక్కల వరస. బొమ్మ అడగలేదు కదా అనుకుని పేజీ తిప్పింది.

"ఉన్నారు" అంది.

కర్టెన్ మడతలు సమంగా వచ్చాయో లేదో చూడటానికి కడ్డీ రెండు కొసలూ చెరొకరు పట్టుకుని ఎత్తారు.

పొద్దున పటం ముందు నిలబడ్డప్పుడు ఆమె బల్ల సంగతి అడగలేదు. నోరు పెగిలేలా చూడు స్వామీ అనుకుంది. బేరింగు గుండును పెన్సిల్ డబ్బాలో వేసుకుంది, రాత్రి బోర్లించిన గుండ్రటి గిన్నెను సంచిలో పెట్టుకుంది.

*

నాలుగో రోజు పదిన్నరకు చీఫ్ గారు ప్రతి బల్ల నుంచీ కొన్ని పత్రాలు తెప్పించుకుని సరిచూస్తాడు. అది మామూలే. ఆమె తన ఆగిపోయిన కట్ట గురించి పిలుస్తాడని ఎదురుచూస్తూ, ఎదురుగా ఉన్న కొత్త కట్టలో ఒక్క అక్షరం కూడా చదవలేకపోతోంది.

ఆయన పిలిచింది ఆమెను కాదు.

"మెయిలు మాస్టారూ, ఒకసారి ఇలా రండి."

మెయిలు పెన్ను చెవి మీద పెట్టుకుని లేచాడు. చీఫ్ గారి బల్ల మీద మూడు పత్రాలు తెరిచి ఉన్నాయి.

"ఏడో ప్రశ్న. నాలుగు పడాల్సిన చోట పదిహేను. ఇందులో పదిహేను. ఇందులో కూడా పదిహేను. మీరు కీ చూశారా?"

"చూడలేదండి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చీఫ్ గారి మొహం ఎర్రబడింది.

"ఎన్నేళ్లుగా?"

"మొదట్లో చూసేవాణ్ణి. పిల్లలు రాసింది చదివితే చాల్లే అనిపించి మానేశాను." మెయిలు చెవి మీది పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇది నవ్వులాట కాదని అప్పుడు అర్థమైనట్టుంది. "ఆ ముగ్గురూ సరిగ్గానే రాశారు సర్."

"ఏది సరైందో చెప్పడానికే కీ ఉంది. మీ ఇష్టం వచ్చినట్టు పంచడానికి మార్కులు మీ ఇంట్లోవి కావు." ఆయన సొరుగులోంచి ఒక ఫారం తీశాడు. "ఇందులో సంతకం పెట్టి వెళ్లండి. మూడేళ్లు ఏ క్యాంపుకీ పిలవరు. మీరు దిద్దినవన్నీ మళ్లీ దిద్దిస్తాను, కీ ప్రకారం."

హాలంతా పెన్నులు ఆగిపోయాయి. మెయిలు ఫారం అందుకుని, అక్షరాలు కనబడనట్టు దూరంగా పట్టుకున్నాడు. వాదించడం ఆయనకు రాదు. గబగబా మాట్లాడి గబగబా వెళ్లిపోవడమే వచ్చు.

ఆమె ఆయన చేతిని చూస్తోంది. మూడు పత్రాలు. ముగ్గురికీ పదిహేను. ఇన్నేళ్లూ తూకం వేసి దిద్దుతాడని తను అనుకున్న మనిషి, తనకు మూడు రోజులు పట్టిన సంగతిని చూడగానే పట్టుకున్నాడు. ఇప్పుడు తను కదలకపోతే ఆ మూడు పత్రాల్లోనూ పదిహేను కొట్టేసి నాలుగు వేస్తారు. ఎవరికి వేయిస్తారు? తనకే ఇస్తారేమో, జాగ్రత్తగల మనిషని.

లేచింది. కుర్చీ గచ్చు మీద పెద్దగా చప్పుడు చేసింది.

"ఆయన దిద్దిందే సరైంది సర్."

"నువ్వు కూర్చోమ్మా."

"నేను దిద్దినవే తప్పు. మొదటి రోజు ఒకటి, రెండో రోజు ఒకటి, నాకు గుర్తున్నవి. గుర్తులేనివి ఎన్నో తెలియదు. నాలుగేసి పంపేశాను." సంచిలోంచి గిన్నె, పెన్సిల్ డబ్బాలోంచి గుండు తీసుకుని ముందుకు నడిచింది. ఆయన బల్ల మీద, ఆ ఫారాల పక్కనే, బోర్లించింది. గుండు నెత్తిన పెట్టి వేలు తీసింది.

గుండు సగం దారిలో గిన్నెను వదిలి, బల్ల మీద పడి, చీఫ్ గారి మాత్రల డబ్బాకు తగిలి ఆగింది.

హాల్లో జనం ఒక్కొక్కరే లేచి దగ్గరికి వస్తున్నారు. చీఫ్ గారు గుండును తీసుకున్నాడు. తనే నెత్తిన పెట్టి వదిలాడు. మళ్లీ అదే.

"ఇది దొర్లుతోంది" అన్నాడు. "ప్రశ్నలో ఉన్నది జారే కణం. రాపిడి లేదు. రెండూ ఒకటెలా అవుతాయి?"

నిజమే. లెక్కల మాస్టారు వేయాల్సిన ప్రశ్నే అది. ఆమెకు ఎందుకో ఊపిరి కాస్త తేలికపడింది. ఆయన కీ వదిలేసి లెక్కలోకి వచ్చాడు.

"దొర్లితే ఇంకాస్త కిందికొచ్చి వదుల్తుంది సర్. జారితే ఇంకాస్త పైనే వదుల్తుంది. ఎక్కడ వదుల్తుందన్నదే మారుతుంది. వదలడం మారదు." కీ కాగితం తీసి ఆఖరి గీత మీద వేలు పెట్టింది. "కేంద్రం వైపు అని రాశారు. గోళం ఎలా లాగుతుంది సర్?"

ఆయన ఆ గీతను చూశాడు. తన దస్తూరీయే. కింద తన సంతకమే. బుగ్గలో మాత్ర కదలడం మానేసింది. కళ్లద్దాలు తీసి, ఆ మూడు పత్రాల్ని దగ్గరకు తీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చాడు.

"అందరూ మీ మీ బల్లలకి వెళ్లండి" అని, కీ పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఆ తలుపు మధ్యాహ్నం దాకా తెరుచుకోలేదు. లోపల ఫోను మోగడం, ఆగడం, మళ్లీ మోగడం. మెయిలు సంతకం పెట్టని ఫారాన్ని ముందు పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అంతసేపు ఆయన కదలకుండా ఉండటం క్యాంపులో ఎవరూ చూడలేదు.

"కట్టలన్నీ మళ్లీ విప్పిస్తారట" అంది వెనక బల్లావిడ, వినబడేంత గట్టిగానే. "కొంతమందికి ఇల్లూ వాకిలీ ఉండవు కాబోలు. రేపటికి టిక్కెట్టు కొనుక్కున్నాను నేను."

ఆమె తల తిప్పలేదు. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. ఎవరి చంటిపిల్లలు వాళ్లకున్నారు, ఎవరి ప్రయాణాలు వాళ్లకున్నాయి. తను మాట్లాడకపోతే అందరూ రేపీపాటికి ఇళ్లకు చేరేవాళ్లు. దేవుడు ఇచ్చిన నోటితో పది మందిని కష్టపెట్టడం న్యాయమేనా అని ఒక క్షణం అనిపించింది. వెంటనే ఆ పెద్ద చేతిరాత గుర్తొచ్చింది. ప్రశ్న తప్పు అనడం లేదు. రాదని మాత్రమే అంటున్నాను.

రెండున్నరకు తలుపు తెరుచుకుంది. చీఫ్ గారు ఎవరి వైపూ చూడకుండా నల్లబల్ల దగ్గరికి వెళ్లి సుద్దముక్క తీసుకున్నాడు. 'ఏడో ప్రశ్న: కీ రద్దు' అని రాశాడు. దాని కింద, కణం గోళాన్ని వదిలేస్తుందని చూపినవాళ్లకు పూర్తి మార్కులని, ప్రశ్న అడిగిన తీరులోనే జవాబు రాసినవాళ్ల మార్కులు తగ్గించకూడదని, పంపిన కట్టలన్నీ విప్పి ఈ ఒక్క ప్రశ్న చూడాలని, మూడు క్యాంపులకూ ఇదే ఉత్తర్వని రాశాడు. సుద్ద రెండుసార్లు విరిగింది.

ఇటు తిరిగాడు.

"పూస తీసి కణం పెట్టింది నేనే. కొత్తగా ఉంటుందని. జవాబు మళ్లీ చెయ్యలేదు. అదే ఆఫీసుకి రాసిచ్చాను." గొంతు బొంగురుపోయింది. మెయిలు బల్ల దగ్గరికి నడిచి వెళ్లి, ఆ ఫారం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "మీ కట్టలు విప్పక్కర్లేదు మాస్టారూ. ఉదయం తీసినవి కాక ఇంకో నలభై చూశాను. ఎక్కడా తేడా లేదు."

మెయిలు లేచి నిలబడ్డాడు.

చీఫ్ గారు ఆమె వైపు చూశాడు. "వచ్చే ఏడు నువ్వు కీ రాసినప్పుడు, సంతకం పెట్టేముందు ఈయనకి చూపించు. చదవడనుకో" అన్నాడు. కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. తన కుర్చీలోకి వెళ్లి కూర్చుని, కళ్లు మూసుకుని నుదురు రుద్దుకున్నాడు. ఇంకా నాలుగు నెలల సర్వీసుంది ఆయనకు.

గుమాస్తా అల్మారాలోంచి ఆగిపోయిన కట్ట తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఇరవై రెండో పత్రం తీసింది. ఏడో గడిలో ఈసారి పెన్సిల్ పెట్టలేదు. నేరుగా ఎర్ర సిరాతో పదిహేను వేసి, మొత్తం కూడింది. నలభై ఒకటి. మళ్లీ కూడింది. నలభై ఒకటే.

లక్క పగలగొట్టిన ఆమె పాత కట్టలు కూడా వచ్చాయి. అన్నీ కలిపి నూట ఇరవై పత్రాలు. సాయంత్రం లోపల అయ్యే పని కాదు. నీలి సిరా పత్రం ఎక్కడుందోనని మొదటి రోజు కట్ట విప్పుతూ ఉంటే, పక్కన కుర్చీ లాగిన చప్పుడైంది. మెయిలు తన బల్ల వదిలి ఆమె బల్లకు ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. సంచి భుజాన లేదు.

"మీ బస్సు?"

"పోనీండి. రోజూ ఉంటుంది." చెయ్యి చాచాడు. "పంతొమ్మిది ఇలా ఇవ్వండి."

"పంతొమ్మిదేంటి?"

"మా పెద్దాడు పుట్టిన రోజున, మధ్యాహ్నం కబురొస్తే కట్ట సగంలో వదిలేసి పరిగెత్తాను. మిగిలిన పంతొమ్మిదీ మీరు దిద్ది, నా పేరుతోనే లోపలికి పంపించారు. ఎవరికీ చెప్పలేదు. వాడికిప్పుడు పదకొండేళ్లు."

ఆమెకు ఆ రోజు గుర్తే లేదు. ఆయన మొహం చూస్తే, ఆయన మాత్రం ఒక్క ఏడు కూడా మర్చిపోలేదని తెలుస్తోంది.

"ఏటా ఇచ్చేద్దామనుకుంటాను మేడం. నాలుగయ్యేసరికి కాళ్లు నిలవవు."

"ఒక్క సంగతి చెప్పండి" అంది ఆమె, కట్టలోంచి లెక్కపెట్టి తీస్తూ. "అంత జోరుగా దిద్దుతారు, ఇది మీ కంట్లో ఎలా పడింది?"

"అన్నీ చదవను. ఏ లెక్కలోనైనా మైనస్ వచ్చే చోటొకటి ఉంటుంది. అక్కడ మాత్రం ఆగుతాను. పిల్ల అక్కడ ఆగి ఆలోచించిందా, చూడకుండా దాటిపోయిందా. మిగతాది దాన్ని బట్టే తెలిసిపోతుంది." కాస్త సిగ్గుపడ్డాడు. "నాకూ పెన్సిల్ ఒకటివ్వండి. మీ పేపర్ల మీద నేరుగా సిరా పెట్టడం బాగోదు."

ఆమె డబ్బాలోంచి పెన్సిల్ తీసి ఇచ్చింది. పత్రాలు జరిపింది. ఆయన బొటనవేలు తడి చేసుకుని వాటిని లెక్కపెట్టాడు. ఆఖరుకు ఒకటి మిగిలింది. ఇరవయ్యోది. దాన్ని ఆమె వైపు జరిపేసి, మొదటి పత్రం తెరిచి, మొదటి గీత నుంచి చదవడం మొదలుపెట్టాడు.